బోర్లించిన గంగాళం

"పెళ్లి సంబంధాల డిటెక్టివ్ గారొచ్చారు. దారివ్వండయ్యా!"

ఎస్సై నరేంద్రబాబు ఆ మాట గుడి ముందు పోగైన జనమంతా వినేలా అన్నాడు. నవ్వింది మాత్రం ఇద్దరే. ఇద్దరూ ఆయన కానిస్టేబుళ్లే. నేను స్కూటరుకు స్టాండు వేసి, హెల్మెట్ అద్దానికి తగిలించి, ముఖం తుడుచుకుని అప్పుడు జవాబిచ్చాను.

"అవునండీ. పెళ్లికొడుకుల అబద్ధాలు పట్టీ పట్టీ చెయ్యి తిరిగింది. ఇవాళ మీ కేసు ఎట్లా ఉందో చూసిపోదామని వచ్చాను."

"కేసెక్కడిది వాణి గారూ? అయిపోయింది. దొంగ దొరికాడు, సొత్తు దొరికింది. టీ తాగి వెళ్లండి."

కోపం నా ముక్కు మీదే ఉంటుందని నెల్లూరులో నన్నెరిగినవాళ్లంతా అంటారు. అబద్ధమేం కాదు. కానీ జీపు వెనక సీట్లో బేడీలతో కూర్చున్న శివను చూశాక ఆ కోపాన్ని మింగేశాను. వాడికి నిండా పాతికేళ్లు లేవు. పొద్దు గుంకగానే వాణ్ణి నెల్లూరు తీసుకుపోతారు. గుడిలో దొంగతనం ఒకటి, విదేశం నుంచి వచ్చిన పెద్దావిడ కనపడకుండా పోవడం ఇంకొకటి. రెండూ వాడి నెత్తిన పడితే మళ్లీ ఎప్పటికి బయటపడతాడో ఆ గంగమ్మకే తెలియాలి.

వాడి తల్లి అంకాలమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ గుడిలో దీపం పెట్టేది ఆమే.

"వాళ్ల నాయన్ని సముద్రం తీసకపాయ. వీణ్ణి జైలు తీసకపోతే నేనేం జేసేదమ్మా? నా బిడ్డ గంగాళం మీద చెయ్యెయ్యడు. మా రోజా పెళ్లప్పుడు నిజం కనిపెట్టి చెప్పినావే, అట్నే ఇప్పుడూ కనిపెట్టు తల్లా!"

"ఏడవకు. ముందు గుడి చూపించు."

గవ్వలదిబ్బలో ఆ వేళ ఒక్క పడవా నీళ్లలో లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడింది, కృష్ణపట్నం పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. అయితే పడవలు ఒడ్డున ఉండిపోవడానికి కారణం అది కాదు. గుడిలో గంగాళం నీళ్లు లేవు.

ఎన్ని తరాల కిందటో ఎవరికీ తెలియదు, ఈ ఊరివాళ్ల వలలో ఒక బరువైన కంచు పాత్ర పడింది. అడుగు గుండ్రంగా ఉండి నేల మీద నిలబడలేదు. సముద్రం ఇచ్చింది గనక గంగమ్మదేననుకుని, గద్దె కట్టి, అడుగును అందులో దిగేసి, మూతి పైకి పెట్టి సముద్రపు నీళ్లు నింపారు. వేటకు పోయే ప్రతివాడూ అందులోంచి దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకుని పోవాలి. తిరిగొచ్చాక దోసెడు సముద్రపు నీళ్లు అందులో పోయాలి. పోయలేదంటే ఆ మనిషి రాలేదని లెక్క. గంగాళం ఎండిన రోజు ఏ పడవా కదలదు.

అది గంగాళం కాదు, గంట అని ఊరికి మొదట చెప్పింది సొలాంజ్. ఫ్రాన్సులో సముద్రపొడ్డున కెర్లోవాన్ అనే చిన్న పల్లె ఆమెది. పుదుచ్చేరిలో చాలాకాలం పాఠాలు చెప్పింది గనక అరవం గడగడా మాట్లాడేది, ఊళ్లోవాళ్లకు ఆ మాట అర్థమయ్యేది. గవ్వలదిబ్బ జాతర ఫొటో ఒకటి ఎవరో ఫోనులో పెడితే చూసి, పాత్ర అంచు మీద పోతపోసిన తన ఊరి పేరు చదివి, రెక్కలు కట్టుకుని వచ్చి వాలింది. వాళ్ల చర్చి గంటను పూర్వం ఒక ఓడకు తోడు పంపారట. ఓడ తిరిగి రాలేదు. ఆ గంటను వీళ్లు తలకిందులుగా నిలిపి, నీళ్లు పోసి, దేవతలా పెట్టుకున్నారని చూసి ఆమె నవ్వలేదు. గద్దె ముందు కూలబడి ఏడ్చిందని అంకాలమ్మే నాకు చెప్పింది.

అసలుది తమకిస్తే బదులుగా ఇవ్వడానికి సొలాంజ్ ఒక నకలు గంటను కూడా తెచ్చింది. ఫొటోలు చూసి కెర్లోవాన్ వాళ్లు పోయించినది అది. సొట్టలు, పచ్చని చిలుము, అన్నీ అచ్చు అసలు దాని మాదిరే. ఊరిపెద్దలు జాతర అయ్యాక ఆలోచించి చెబుతామన్నారు. అంతవరకు నకలు ఆమె దిగిన రిసార్టులో ఉంచుకుంది.

మొన్న తెల్లవారేసరికి గుడిలో గంగాళం లేదు, రిసార్టులో సొలాంజ్ లేదు. నిన్న శివ పడవలో, వలల కింద గంట దొరికింది. ఇద్దరూ కలిసి ఎత్తుకుపోయారని, దొరసాని ముందు జారుకుందని, సరుకు వెనకాల చేర్చే పని శివదని ఎస్సై తీర్మానించేశాడు.

గుడి అంటే ఒక్క గది. గ్రిల్ తలుపు తాళం కోసి ఉంది. గద్దె మీద గుంట ఒక్కటే మిగిలింది. చెప్పులు విడిచి లోపలికి పోయి, వంగి చూశాను. గద్దె దగ్గర్నుంచి గది మూల దాకా గచ్చు మీద తెల్లటి పొర కట్టి ఉంది. వేలితో గీరి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు.

"నీళ్లు ఇక్కడే వంపేశారు," అన్నాను.

అంకాలమ్మ గడప దాటలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ నీళ్లు నేలన పడకూడదమ్మా. గంగాళం కడగాలంటే దోసిళ్లతో బిందెలకెత్తి, మోసకపోయి సముద్రంలోనే పోస్తాం. నేలన పోస్తే వేటకు పోయినోళ్లలో ఎవురో ఒకరు తిరిగి రారు. మా పిల్లకాయల్ని అడిగినా చెప్తారు."

నేను తలుపు దగ్గర నిలబడ్డ నరేంద్రబాబు వైపు తిరిగాను. "విన్నారుగా. ఈ ఊరి మనిషి చేసే పని కాదిది."

"మీ శివ పోర్టులో క్రేను నడుపుతాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తిరిగేవాడికి ఆచారాలేంటండీ?"

"క్రేను దిగి వేటకు పోడా?"

"సెలవుల్లో పోతాడు."

"పోయేటప్పుడు నీళ్లు చల్లుకుంటాడా లేదా?"

"చల్లుకోకుండా పోతే వాళ్లమ్మ ఊరుకుంటాదా!" అంది జనంలోంచి ఒక ముసలామె.

ఎస్సై ముఖం చిట్లించాడు. "దొంగతనానికి వచ్చినవాడు దోసిళ్లతో నీళ్లు తోడుతూ కూర్చోడు. ఈ ఉప్పు పట్టుకుపోయి కోర్టులో చూపిస్తే జడ్జి గారు చారులో వేసుకోమంటారు."

ఒప్పుకోవడానికి మనసు రాలేదు గాని, ఆ మాట నిజమే. ఉప్పు ఒక్కటే సరిపోదు. నేను జీపు దగ్గరికి నడిచాను. "పోండి, మాట్లాడుకోండి. సంబంధం కుదిరితే శుభలేఖ పంపండి!" అన్నాడు ఎస్సై వెనక నుంచి.

శివ నన్ను చూడగానే లేవబోయాడు. బేడీలు సీటు కడ్డీకి తగిలాయి.

"అక్కా, నేను దొంగని కాదు."

"దొంగలు కూడా అదే చెబుతారు. అడిగినదానికి జవాబు చెప్పు. సొలాంజ్‌ని ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

తల దించుకున్నాడు.

"ఒరే, నా దగ్గర నసిగావంటే స్కూటరెక్కి పోతాను. మీ అమ్మ కోసం వచ్చాను, నీ అందం చూసి కాదు."

"గంగాళం పోయిన ముందురోజు. పొద్దు వాలినాక నా పడవలో ఏరు దాటించి రిసార్టు కాడ దింపినా. రోడ్డు మీద పోతే శానా చుట్టు గదా. రోజూ నా పడవలోనే వచ్చేది, పొయ్యేది."

"ఈ ముక్క ఎస్సైకి చెప్పావా?"

"చెప్తే ఆమెను నేనే ఏందో జేసినానంటారని చెప్పలా."

"చెప్పకపోతే మాత్రం సన్మానం చేస్తున్నారా? బుద్ధి ఉండాలి!" నా గొంతు పెరిగింది. వాడి కళ్లలో నీళ్లు చూసి తగ్గించాను. "సరే. దారిలో ఏం మాట్లాడేది?"

"వాళ్లూరి సంగతే. ఫోనులో చూపించేది. రాతి ఇళ్లు, నల్ల పలకలు పరిచిన కప్పులు, నీలం కిటికీలు, గుమ్మాల కాడ బండెడు పూలు. మనమాదిరే ఒడ్డున వలలు ఆరేసుకోనుండారు. చర్చి మాత్రం గుట్ట కొమ్మున ఉండాది. గంట ఉండాల్సిన కాడ ఖాళీ. ఇన్ని తరాలుగా ఇంకో గంట కట్టలేదంటక్కా! పండగనాడు ఆ ఖాళీలోంచి తాడు దించి పిల్లకాయలు లాగతారంట. ఊరంతా గమ్మున నిలబడి వింటారంట."

"గంటే లేకపోతే ఏం వింటారు?"

"ఏం వినపడదు. అదే వింటారంట. పిచ్చోళ్లనుకున్నా. మళ్లీ అనుకున్నా, మేం మాత్రం తక్కువా, గంటలో నీళ్లు పోసి పెట్టుకున్నోళ్లమే గదా అని."

వాడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"మంచు కమ్మినప్పుడు వాళ్లు గంటెట్ల కొట్టేవాళ్లో నా పడవ చెక్క మీద కొట్టి చూపించింది. మూడు దెబ్బలు, ఆపి మళ్లీ మూడు. ఒడ్డు ఇక్కడుండాది, ఇటు రండి అని అర్థమంట. ఆ పొద్దు మాత్రం సరిగా మాట్లాడలా. రిసార్టు జయరామయ్య గారు గోపురం కట్టించినాడు, పైకెక్కి చూడమన్నాడు, పోతుండా అన్నింది. 'అది మా ఊరు కాదు శివా, మా ఊరికి వేసిన వేషం' అన్నింది. అంతే."

"నీ పడవలో దొరికిన గంట?"

"నేను కంటితో చూళ్లేదక్కా. పోలీసోళ్లే తీసి, గుడ్డ చుట్టి, స్టేషన్లో పెట్టి తాళమేసినారు. అమ్మను గూడా ముట్టుకోనీలా."

అంతలో హారను మోగింది. తెల్లకారొకటి ఇసుకలో ఊగుతూ వచ్చి ఆగింది. జయరామయ్య దిగాడు. లోపలి ఊళ్లలో బోలెడు వరి మాగాణి ఉన్న పెద్దమనిషి. ఏటి అవతల సరుగుడు తోపు పక్కన 'ఫ్రెంచ్ విలేజ్' అని రిసార్టు కట్టిస్తున్నాడు. సొలాంజ్ దిగింది అందులోనే. సొలాంజ్ ఫొటోలు చూసి తీర్చిదిద్దించిన ఊరది. సిమెంటు గోడలకు రాతి రంగు, గుమ్మాలకు ప్లాస్టిక్ పూలు, చివర ఒక చర్చి గోపురం. చేతిలో బంతిపూల దండ పట్టుకుని, పెళ్లివారింటికి వచ్చినట్టు అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు.

"ఏం తల్లీ, మా మేడమ్ జాడ ఏమైనా తెలిసిందా? పాపం, మా అతిథి."

"మీరే చెప్పాలి సార్. ఆమె ఆఖరున అడుగుపెట్టింది మీ చోటే."

జయరామయ్య రెప్ప కూడా కదల్చలేదు. "మావాళ్లెవరూ చూడలేదే! ఎవరు చెప్పారు, ఈ దొంగ వెధవా?"

"ఆమె తెచ్చిన నకలు గంట ఎక్కడుంది?"

"దాచుకోడానికి అదేమన్నా దొంగసొత్తా? మా గోపురంలో కట్టించాను. ఆమె ఇష్టపడే ఇచ్చింది. ఎప్పుడైనా వచ్చి చూసుకో." ఎస్సై వైపు తిరిగాడు. "పొద్దు గుంకుతోంది నరేంద్రబాబూ. గంగాళం గద్దె మీద పెట్టించి నీళ్లు పోయించెయ్. ఊరు చల్లబడుతుంది."

మునుపెన్నడూ ఈ గుడి గడప తొక్కని మనిషికి ఊరు చల్లబడాలని అంత ఆత్రం ఎందుకో నాకు అర్థం కాలేదు. నీళ్లు పోయించెయ్ అన్న మాట మాత్రం చెవిలో ముల్లులా ఉండిపోయింది.

కానిస్టేబుళ్లు గంటను మోసుకొచ్చి గుడి ముందు బల్ల మీద దించారు. ఎస్సై స్వయంగా గుడ్డ లాగాడు. పేపరు వాళ్లు ఫొటోలు తీశారు. ఆడవాళ్లు మాత్రం ఒక్కసారిగా గొల్లుమన్నారు.

"బోర్లించినారే! సచ్చినోళ్లింట్లో కుండ మాదిర అమ్మను బోర్లించినారే!" అంకాలమ్మ ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు మూసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లూ చూపులు నేలకేశారు.

"గంటను గంటలా పెడితే తప్పేంటి?" అన్నాడు నరేంద్రబాబు విసుగ్గా.

తప్పేంటో నాకు అప్పుడు తట్టింది.

"దాన్ని తిప్పండి."

"సాక్ష్యాన్ని ముట్టుకుంటే ఊరుకోను."

"నేను ముట్టుకోను. మీరే తిప్పండి, నేను చూస్తాను."

"ఇది మా స్టేషను కేసు. మీరు చెప్పినట్టు ఆడటానికి నేను మీ గుమాస్తాను కాను!"

"ఎస్సై గారూ, నా మీద కోపం ఉంటే తీరిగ్గా తిట్టండి, పడతాను. కుర్రాడి బతుకు పోతోంది. ఈ ఊరివాళ్లు దీన్ని చూడటం లేదు, మీరు బోర్లించారు గనక. మీరు లోపల చూడలేదు, బోర్లించారు గనకే. ఒక్కసారి తిప్పితే మీ సొమ్మేం పోయింది?"

జయరామయ్య దండ బల్ల మీద పెట్టాడు. "మంచి వేళ దాటిపోతోంది..." అని గొణిగాడు.

నరేంద్రబాబు ఆయన్ని ఒక చూపు చూశాడు, నన్ను ఒక చూపు చూశాడు. అహంకారి గాని మూర్ఖుడు కాడు. కానిస్టేబుళ్లకు సైగ చేశాడు. ఇద్దరూ పట్టి గంటను తిప్పి మూతి పైకి పెట్టారు. ఎస్సై టార్చి వేశాడు.

లోపల నిన్న తోమిన చెంబులా తళతళలాడుతోంది.

"తరతరాలుగా ఉప్పునీళ్లు నిలిచిన కంచు ఇట్లా ఉంటుందా?" అని అడిగాను.

"కడిగి ఉంటాడు."

"పడవలో కూర్చుని చింతపండు పెట్టి తోమాడా? వలల కింద దాచేవాడికి తోమాల్సిన ఖర్మేంటి? అంకాలమ్మా, కళ్లు తెరువు. బోర్లించి లేదు, నిలబెట్టారు. చెయ్యి పెట్టి చూడు."

ఆమె చేతిని లోపల పెట్టింది. అరచేత్తో చుట్టూ తడిమింది.

"ఇది మా గంగాళం కాదు. అమ్మ కడుపులో చెయ్యి పెడితే గరుగ్గా తగలతాది. నీళ్లు నిలిచే కాడ గట్టుమాదిర ఉండాది. ఇది కాదు."

జనంలో గుసగుసలు లేచాయి. నేను గొంతు పెంచాను. "ఫొటోలు చూసి పోసిన నకలు ఇది. లోపలి ఫొటో తియ్యడం ఎవరివల్లా కాదు, ఎప్పుడూ నీళ్లుంటాయి గనక. దీన్ని గద్దె మీద పెట్టి నీళ్లు పోసేస్తే ఇప్పట్లో ఎవరూ లోపల చూడరు. కేసు మూసేస్తారు, శివ జైల్లో ఉంటాడు. నకలు ఇక్కడుంటే ఆ గోపురంలో వేలాడేదేంటి? నకలని చెప్పి అందరి కళ్లముందూ పెట్టుకున్న అసలు గంట, వేషం వేసిన ఊళ్లో ఒక్కటైనా అసలుది ఉండాలని కాబోలు. రెండింటికీ తేడా చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది. ఆమెను గోపురం చూడటానికి పిలిచారు. ఆమె మళ్లీ ఎవరికీ కనపడలేదు."

తిరిగి చూస్తే జయరామయ్య బల్ల దగ్గర లేడు. కారు చాటున ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాడు. "ఇంక చూడొద్దు. ఇప్పుడే కానీ," అన్న మాటలు నాకు స్పష్టంగా వినపడ్డాయి.

ఎస్సైకీ వినపడ్డాయి. రెండు అంగల్లో వెళ్లి ఫోను లాక్కున్నాడు. "ఏం కానియ్యమన్నావ్? ఎవరితో?"

జయరామయ్య నోరు తెరిచేలోగా ఏటి అవతల నుంచి ఆ మోత వచ్చింది.

గంట. బరువుగా, బొంగురుగా, చాలాకాలం మాట్లాడనివాళ్లు గొంతు విప్పినట్టు. మూడు దెబ్బలు. ఆగింది. మళ్లీ మూడు. నాలుక లేని గంటను రాయితోనో ఇనుపముక్కతోనో ఎవరో ప్రాణం పెట్టి కొడుతున్నారు. గవ్వలదిబ్బలో పుట్టిన ఏ మనిషీ ఆ చప్పుడు ఏనాడూ వినలేదు. అంకాలమ్మ ఇసుకలో కూలబడి రెండు చేతులూ ఎత్తింది.

"అక్కా!" జీపులోంచి శివ అరిచాడు. "మూడు! ఆమే! ఆమే కొడతాండాది!"

నరేంద్రబాబు జీపు దగ్గరికి నడిచాడు. తర్వాత తాళంచెవి తీసి తానే బేడీలు విప్పాడు. "జీపులో చుట్టు తిరిగి పోతే ఆలస్యమవుతుంది. ఈ గాలిలో ఏరు దాటగలవా?"

"దాటతా సార్."

జయరామయ్యను కానిస్టేబుళ్లకు అప్పగించి ముగ్గురం పరుగెత్తాం. గుడి తలుపు దగ్గరికి రాగానే శివ కాళ్లు ఆగిపోయాయి. అలవాటుగా దోసిలి పట్టి లోపలికి చూశాడు. గద్దె ఖాళీ. నీళ్లు లేవు. గంగాళం ఎండిన రోజు పడవ కదలకూడదు. వాడి తండ్రి, తాత ఎవరూ కదల్లేదు.

అంకాలమ్మ లేచి వచ్చి కొడుకు వీపు మీద చరిచింది. "పోరా! అమ్మే నోరు తెరిచి పిలస్తాంటే ఇంక నీళ్లెందుకు?"

పడవ ఏటిలోకి దూకింది. సరుగుడు తోపు మీద మబ్బు కమ్ముకొస్తోంది. తోపు అవతల గోపురం మొన కనపడుతోంది. గంట మళ్లీ మోగింది. ఒకటి. రెండు.

మూడో దెబ్బ వినడానికి శివ ఇంజను ఆపేశాడు. వెనక ఒడ్డున ఊరంతా గమ్మున నిలబడి ఉంది. కెర్లోవాన్‌లో పండగనాడు జనం ఎట్లా వింటారో నాకు అప్పుడు తెలిసింది.

"మూడోది కొట్టలేదక్కా," అన్నాడు శివ.